పిలుపునకు పేరును ఊరును

టెలిఫోను మ్రోగినపుడు పిలుచువారి సంఖ్యయేగాక వారి పేరును ఫలకముపై గనబడునట్లు చేయు ఏర్పాటు మనదేశమున అమలులోనికి వచ్చుచున్నది. టెలికాం నియంత్రణాధికార సంస్థయగు ట్రాయివారు 2022 నవంబరులో ఈ విషయమును గూర్చి చర్చాపత్రమును ప్రకటించి, పలువురి యభిప్రాయములను విని, 2024 ఫిబ్రవరి 23 వ తేదీన తమ సిఫారసులను ప్రభుత్వమునకు సమర్పించిరి. కోరినవారికి మాత్రమే ఈ సదుపాయము నొసగిన చాలునని అప్పటి వారి మతము. టెలికాం శాఖవారు అట్లుగాక, కోరకయే ఎల్లరకు నిచ్చి వలదన్నవారికి మాత్రము మాన్పుట మేలని దానిని త్రిప్పి పంపిరి. 2025 అక్టోబరు 28 వ తేదీన ట్రాయివారు అందులకు సమ్మతించిరి. నాలుగవ తరము మొదలు ఆపై తరముల మొబైలు ఫోనులలో మొదట దీనిని ప్రవేశపెట్టుటకు సంకల్పింపబడినది. కంపెనీలు కొన్ని ప్రాంతములలో పరీక్షలును జరిపినవి.

మేము దీనిని స్వాగతించుచున్నాము. కాని ఈ చర్చలో ఇంటి టెలిఫోను మరుగున పడినదని మాకు తోచుచున్నది. మొబైలు ఫోనును గూర్చి మాటలాడువారు పెక్కురు గలరు. కూడలిలో కూర్చుండి పుంజములకొలది ఫోనులనమ్ము కంపెనీలకును, పట్టణవాసులగు పత్రికారచయితలకును అదియే ప్రపంచము. సత్తుపల్లినుండి అశ్వారావుపేట, దమ్మపేటల మీదుగ భద్రాచలపు టడవులవరకు గల ప్రదేశమున ముసలివారు కాపురముండు ఇండ్లలో, ఫైబరు తీగపై నడచు బల్లమీది టెలిఫోనునకు గల ప్రాధాన్యమును ఎవరును లెక్కింపరైరి. ఆ టెలిఫోను ఆపత్కాలమున పనిచేయునా? చేసినచో ఆ పిలుపు ఏ యింటినుండి వచ్చుచున్నదో అవతలివారికి తెలియునా? తిరిగి వారు పిలిచినచో వారెవరో మనకు తెలియునా? ఈ మూడు ప్రశ్నములును వేర్వేరుగ గనబడినను మూలమున ఒక్కటియే.

పాత టెలిఫోనును ఒకపరి స్మరింతము. ఊరి టెలిఫోను ఎక్స్ఛేంజినుండి ప్రతి యింటికిని రాగి తీగల జత యొకటి వచ్చెడిది. ఆ జత ఏ వీధిలో ఏ గుంజమీదుగ ఏ యింటికి పోవుచున్నదో లైన్‌మను ఎరుగును. ఎక్స్ఛేంజి పుస్తకము ఎరుగును. ఆ తీగలోనికి 48 వోల్టుల విద్యుత్తు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలనుండియే వచ్చుచుండెను గనుక ఊరంతయు చీకటిలో మునిగినను టెలిఫోను మాత్రము పలికెడిది. తరచుగా చెడిపోయెడిదనుట నిజమే. నెలలతరబడి మూగవోయిన టెలిఫోనునకు అద్దె కట్టిన అనుభవము మా పాఠకులలో పలువురకు గలదు. ఐనను చెడిపోని దినమున దాని సంఖ్యయే దాని విలాసము.

ఇప్పుడు వచ్చినది వేరొక వస్తువు. గాజునూలు వంటి ఫైబరు తీగ యింటిలోనికి వచ్చి గోడనున్న చిన్న పెట్టెలో అంతమగును. పిల్లల పాఠములును, సినిమాలును, మాటయు ఆ నూలుపైననే వచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2017 డిసెంబరు 27 న రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ గారిచే ప్రారంభింపజేసిన ఫైబర్ నెట్‌లో టెలివిజను, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడును ఒకే తీగపై నొసగుట యుద్దేశము. తెలంగాణమున మిషన్ భగీరథ నీటి గొట్టముల కందకములలోనే ఫైబరును పరచి టీ-ఫైబరు అను పేర గ్రామములకు గొనిపోవు ప్రయత్నము జరిగినది. బి.ఎస్.ఎన్.ఎల్. వారును, ప్రైవేటు కంపెనీలవారును ఇదే మార్గము నవలంబించిరి. గోడపెట్టె వెనుకనున్న రంధ్రమున పాత టెలిఫోనునే తగిలింతురు. చేతికందు పనిముట్టు పాతదే, మ్రోగు గంటయు పాతదే. కావున ఇంటివారు అంతయు పాతదేయని నమ్ముచున్నారు.

అది సరికాదు. మన మాట చిన్న చిన్న తునుకలుగ విడివడి, ఎచ్చటనో మహానగరముననున్న కంప్యూటరును చేరి, అచ్చటనుండి మరల తన గమ్యమునకు బోవును. ఆ కంప్యూటరునకు మన యిల్లు తెలియదు. దానికి తెలిసినది ఒక ఖాతా, దాని రహస్యపదము. సత్తుపల్లి సంఖ్యగల ఖాతాను కొన్ని కంపెనీలు మొబైలు ఫోనులోని యొక యాప్‌ద్వారా గూడ వాడుకొననిచ్చును. తండ్రి సత్తుపల్లిలో నుండగా కుమారుడు హైదరాబాదునుండి అదే సంఖ్యతో మాటలాడవచ్చును. ఇది సౌకర్యమే. కాని అదే కుమారుడు హైదరాబాదులో ప్రమాదమునకు లోనై ఆ యాప్‌నుండి సహాయమును బిలిచినచో, సంఖ్యను మాత్రమే నమ్ముకొన్న అంబులెన్సు సత్తుపల్లిలో తండ్రిగారి వాకిట నిలుచును.

ఆపదకు ఒక్క సంఖ్య యుండవలెనను భావము పాతదే. 1937 లో లండను నగరమున 999 మొదలయ్యెను. అమెరికాలో 1968 ఫిబ్రవరి 16 న అలబామా రాష్ట్రములోని హేలీవిల్ అను చిన్న యూరిలో 911 కు మొదటి పిలుపు వెళ్లెను. మన తెలుగుదేశమున 2005 ఆగస్టు 15 వ తేదీన హైదరాబాదునుండి ఆరంభమైన 108 సేవ, దేశమునకే మార్గదర్శకమై పెక్కు రాష్ట్రములకు వ్యాపించినది. ఈ విషయమున తెలుగువారు గర్వించుటకు కారణము గలదు. పోలీసులకొకటి, అగ్నిమాపకదళమున కొకటి, అంబులెన్సునకొకటియని సంఖ్యలు వేర్వేరుగ నుండుట మాని 112 అను నొక్కదానిక్రిందికి దెచ్చుటకు ట్రాయివారు 2015 ఏప్రిలులో సిఫారసు చేసిరి. తిరువనంతపురమునందలి సీ-డాక్ అను మన ప్రభుత్వసంస్థవారే దాని యంత్రాంగమును నిర్మించిరి. 2018 నవంబరులో హిమాచలప్రదేశమున అది మొదలయ్యెను. 2019 ఫిబ్రవరిలో రెండు తెలుగు రాష్ట్రములను గలుపుకొని పెక్కు రాష్ట్రములకు దానిని విస్తరింపజేసిరి. మొబైలు ఫోనులలో ఆపద మీట యుండితీరవలెనని 2016 లో నియమము చేసి, 2018 జనవరినుండి స్థాననిర్ణయ సాధనమును గూడ తప్పనిసరి చేసిరి. మొబైలు విషయమున ఇంత శ్రద్ధ జూపిన ప్రభుత్వము ఇంటర్నెట్టు టెలిఫోను విషయమున ఏమి చేసెనో చూడవలదా?

2017 అక్టోబరు 24 వ తేదీన ట్రాయివారు ఇంటర్నెట్టు టెలిఫోనీని గూర్చి సిఫారసులు చేసిరి. అందు ఆపత్కాల సంఖ్యలను గూర్చి వారు పలికిన పలుకులు మిక్కిలి మెత్తనివి. స్థాననిర్ణయముతో గూడిన ఆపత్కాల సేవ నొసగుటకు కంపెనీలను ప్రోత్సహింపవచ్చునట, ఇప్పటికి నిర్బంధింప నక్కరలేదట, కాని ఆ లోపమును చందాదారులకు స్పష్టముగ తెలియజెప్పవలెనట. 2018 జూనులో ప్రభుత్వమువారు ఈ తరహా టెలిఫోనీకి ద్వారములు దెరచిరి. నాడు సేవ శైశవమునందున్నది, బరువు మోపినచో ఎదుగదను భయముచే అట్లు చెప్పియుందురు. ఆ వాదమును మేము పూర్తిగ త్రోసివేయము. కాని శిశువు పెరిగినది. రాగి తీగ పోయి ఫైబరు వచ్చిన యిండ్లలో ఇప్పుడు ఇంటి టెలిఫోనన నిదియే. లైసెన్సు నిబంధనలలో పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సంఖ్యలకు దారి చూపవలెనను షరతు గలదు గదాయని కంపెనీలవా రనవచ్చును. దారి చూపుట వేరు, పిలిచినవాని యిల్లు చూపుట వేరు. ఇక "స్పష్టముగ తెలియజెప్పుట" యన్నది ఎంతవరకు జరుగుచున్నదో కనెక్షను పెట్టించుకొన్న ప్రతి గృహస్థునకును తెలియును. తీగ లాగుటకు వచ్చిన కుర్రవాడు వేగమును గూర్చి చెప్పును, నెలసరి బిల్లును గూర్చి చెప్పును. కరెంటు పోయినచో ఈ టెలిఫోను పలుకదని చెప్పినవాని నొక్కనిని మేమెరుగము.

అమెరికాలో ఇట్టి చిక్కే యిరువదేండ్లకు పూర్వము వచ్చినది. ఇంటర్నెట్టు టెలిఫోనులను చౌకగ అమ్మిన కంపెనీల చందాదారులు 911 కు పిలువగా పిలుపు అందక, లేక అందినను చోటు తెలియక కష్టపడిరి. 2005 మే నెలలో అచ్చటి ఫెడరల్ కమ్యూనికేషన్సు కమిషనువారు ఒక ఉత్తరువును జారీచేసి, ప్రజాటెలిఫోనుతో సంబంధముగల ప్రతి ఇంటర్నెట్టు టెలిఫోను కంపెనీయు చందాదారుని యింటి విలాసమును ముందుగనే నమోదుచేసుకొని, 911 పిలుపుతోపాటు దానిని ఆ ప్రాంతపు ఆపత్కాల కేంద్రమున కందింపవలెనని శాసించిరి. గడువెంత యిచ్చిరి? నూటయిరువది దినములు. కంపెనీలు మొరపెట్టుకొన్నవి, గొణిగినవి, తుదకు చేసినవి. చందాదారుడు ఇల్లు మారినపుడు విలాసమును మార్చుకొను నేర్పాటును గూడ కల్పింపవలసివచ్చెను. 2018 లో చేసిన చట్టము మరికొంత ముందునకు బోయి, వీధి సంఖ్యయేగాక మేడలో ఎన్నవ అంతస్తో ఏ గదియో గూడ అందవలెననెను. మన ప్రాంతమునుండి వెళ్లి టెక్సాసులోను న్యూజెర్సీలోను కాపురములు పెట్టిన బిడ్డలు ఈ ఏర్పాటు నీడనే యున్నారు. వారి తలిదండ్రులు మాత్రము ఇచ్చట దానికి నోచుకొనలేదు. పరదేశమును పొగడుట మా యభిమతము కాదు. 108 ని కల్పించి దేశమునకు దారి చూపిన జాతికి ఈ చిన్న పని అసాధ్యమని యెవరైన ననినచో మేము నమ్మజాలము.

ఇక మన ప్రదేశపు ప్రత్యేక స్థితిని చూడుడు. సత్తుపల్లికి కొలదిదూరముననే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. ఇటు వేంసూరు, పెనుబల్లి మండలములు. అటు తిరువూరు, చింతలపూడి. పూర్వము నైజాము రాజ్యమునకును ఇంగ్లీషువారి మద్రాసు రాజధానికిని నడుమనున్న గీటు ఇదియే. 1956 లో చెరిగిపోయి 2014 జూన్ 2 న మరల తేలినది. చుట్టరికములకును, మామిడి బేరములకును ఈ గీటు లేదు. అంబులెన్సునకు గలదు. ఒక్కొక్క రాష్ట్రపు 108 సేవ ఒక్కొక్క యాజమాన్యము క్రింద నున్నది. ఒక్కొక్కదాని పిలుపుల కేంద్రము వేరు. టెలికాం లైసెన్సుల లెక్కలో మాత్రము రెండు రాష్ట్రములును నేటికి ఆంధ్రప్రదేశ్ అను నొక్క సేవాప్రాంతమే! మొబైలు సంకేతము గాలిలో పోవునది. అది గీటు నెరుగదు. ఈ యొడ్డునున్న రైతు ఫోను ఆ యొడ్డు టవరును పట్టుకొనుట సరిహద్దు గ్రామములవారందరు నెరిగిన సంగతియే. అట్టిచోట పిలుపు రెండవ రాష్ట్రపు కేంద్రమునకు బోయినచో, మీ మండలమేది, జిల్లా యేది యని మొదలిడి, తుదకు "అది మాది కాదు" అను మాట వినవలసివచ్చును.

భద్రాచలము వద్ద ఈ చిక్కు మరింత ముదిరినది. 2014 లో పోలవరపు ముంపును బట్టి కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేర్పబడినవి. భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచినది. దానిని ఆనుకొనియున్న ఎటపాక ఆంధ్రప్రదేశమునకు బోయినది. వీధి దాటిన రాష్ట్రము మారును. అచ్చటి రోగికి దగ్గరి పెద్దాసుపత్రి భద్రాచలములోనిదే. ఇట్టిచోట టవరునుబట్టి ఇల్లు నూహించుటకంటె, గోడకు కట్టబడిన ఫైబరు పెట్టె విలాసమును ముందే వ్రాసికొనుట యెంత తేలిక! కదలని టెలిఫోనుకు గల యొక్క గొప్పతనము అది కదలకుండుటయే. ఆ గొప్పతనమును మనము చేజేతుల పారవేసికొనుచున్నాము.

ఇది పట్టణవాసుల వేడుక ముచ్చట కాదు. మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటువలన పండ్రెండు లక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది, మరణించిరని 2020 లో వెలువడిన పరిశోధనము అంచనా వేసినది. వారిలో అత్యధికులు పల్లెలవారు. పెక్కురు ఇంటియొద్దనే మరణించినవారు. సగము మరణములు జూను, సెప్టెంబరు నెలల నడుమనే. ఆనాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమున గల ప్రాంతములు ఈ మరణములు హెచ్చుగ నున్నవానిలో చేరినవి. 2030 నాటికి వీనిని సగమునకు దింపవలెనని కేంద్ర ప్రభుత్వమువారు 2024 మార్చిలో ఒక ప్రణాళికను ప్రకటించిరి. పామాయిల్ తోటలు దట్టముగ అల్లుకొన్న దమ్మపేట, అశ్వారావుపేట మండలములలో వానకాలపు రాత్రి ఈ యంకెలకు అర్థమేమో వేరుగ చెప్పనక్కరలేదు. విరుగుడు మందు ఆసుపత్రిలో గలదు. నడుమనున్నది దూరము; దూరమునకు ముందున్నది చిరునామా. సత్తుపల్లి బొగ్గుగనుల లారీలు తిరుగు బాటల మాటయు, గుండెనొప్పి మాటయు, కాన్పుల మాటయు ఇట్టిదే.

ఇప్పుడు పేరు కనబడు విషయమునకు వత్తము. దీనికిని ఆపదకును సంబంధమేమియని కొందరడుగవచ్చును. పూర్వము ఇంటికి వచ్చినవాడు వాకిటనే నిలిచి నేను ఫలానావాడనని చెప్పి లోనికి వచ్చెడివాడు. టెలిఫోను ఈ మర్యాదను పోగొట్టినది. పోగొట్టి కొంతకాలము బాధలేకయే యుండెను. ఇటీవల మోసగాండ్రు పోలీసులమనియు, సి.బి.ఐ. వారమనియు పిలిచి, "డిజిటల్ అరెస్టు" అను లేని శిక్షను పేర్కొని, పింఛనుదారులను గదులలో బంధించి, జీవితకాలపు ధనమును కాజేయుచున్నారు. 2024 అక్టోబరు 27 న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీగారే రేడియోలో ప్రజలను హెచ్చరింపవలసివచ్చెను. ఇట్టి మోసములపై ఫిర్యాదునకు 1930 అను సంఖ్యను ప్రత్యేకించిరి. బ్యాంకులవంటి సంస్థలు 1600 తో మొదలగు సంఖ్యలనుండియే పిలువవలెనని నిబంధనలు వచ్చుచున్నవి. దీనివలన ప్రజలు నేర్చుకొన్న పాఠమేమి? తెలియని సంఖ్య వచ్చినచో ఎత్తకుండుట. మంచి పాఠమే. కాని 112 కు పిలిచిన పది నిమిషములకు అంబులెన్సు డ్రైవరు దారి తెలియక తన సంఖ్యనుండి తిరిగి పిలుచును. అదియు తెలియని సంఖ్యయే! ఇంటిలోని ముసలమ్మ దానిని చూచి, బిడ్డలు నేర్పిన ప్రకారము ఎత్తక యూరకుండును. బండి ఊరి చివర నిలిచియుండును. మోసగానికి వేసిన తలుపు వైద్యునకును పడినది. పిలుపుతో పేరు వచ్చినచో ఈ తలుపును వేయవలసినచోట వేసి తెరువవలసినచోట తెరువవచ్చును. కావున పిలిచినవాని ఊరు అధికారికి తెలియుటయు, పిలిచిన యధికారి పేరు ఇంటివానికి తెలియుటయు ఒకే నాణెమునకు రెండు ముఖములని మేమనుచున్నాము.

ఇంతవరకు ఈ పేర్ల పుస్తకము ఎవరి చేతిలో నున్నది? 2009 లో స్వీడను దేశమున పుట్టిన ట్రూకాలర్ అను కంపెనీ చేతిలో. దానిని వాడువారిలో అత్యధికులు భారతీయులే. ఒకరి ఫోనులో వ్రాసికొన్న పేర్లనుండి మరియొకరి పేరును ఏరుకొనుట దాని పద్ధతి. అందుచే గౌరవనీయులగు పెద్దమనుష్యుల పేర్లు "ఎరువుల కొట్టు", "అప్పు తీర్చనివాడు" అని కూడ కనబడవచ్చును! నవ్వుకొనవచ్చును గాని, కోట్లాది భారతీయుల నామావళిని పరదేశపు వర్తకులు కూర్చి మనకే అమ్ముట గౌరవప్రదము కాదు. చందా పుచ్చుకొనునపుడు ప్రతి కంపెనీయు ప్రభుత్వపు గుర్తింపు పత్రమును జూచి వ్రాసికొనిన పేరు గలదు. ఆ పేరునే చూపవలెననునది ట్రాయివారి సిఫారసు. ఇది సవ్యమైన స్వదేశీ మార్గము. 2025 సెప్టెంబరు 27 న బి.ఎస్.ఎన్.ఎల్. వారు స్వదేశీయముగ నిర్మితమైన నాలుగవ తరపు యంత్రాంగమును దేశమునకంకిత మొనర్చిరి. అంతటి పని చేసినవారికి పేరు చూపుట కష్టమైన పని కాదు.

చిక్కులు లేకపోలేదు. మన పల్లెలలో సిమ్ము కొన్నవాడొకడు, వాడువాడొకడు. ఇంటి కనెక్షను చనిపోయిన తాతగారి పేరనే నడచుచుండుటయు గలదు. పిలిచినపుడు ఆయన పేరు వెలిగినచో చుట్టములు ఉలికిపడుదురు. మన్నెపు గ్రామములలో కోయవారి పేర్లు దరఖాస్తులు నింపువారి చేతిలో ఎన్ని రూపములు పొందునో చెప్పజాలము. ఇంగ్లీషు లిపిలో వ్రాసిన పేరును తెలుగు మాత్రమే చదువు గృహిణి యెట్లు చదువును? తెలుగుదేశమున తెలుగు లిపిలో పేరు కనబడవలెనని కోరుట అత్యాశ కాదు. మొబైలు ఫోనుకు అది చిటికెలో పని. ఇంటి టెలిఫోనుకు మాత్రము చిక్కు గలదు. మన యిండ్లనున్న పాత ఉపకరణముల ఫలకములలో పెక్కింటికి అంకెలకే చోటు; అక్షరములకు లేదు. గోడపెట్టె పేరును అందుకొన్నను బల్లమీది టెలిఫోను దానిని చూపలేదు. క్రొత్తగ అమ్ము ప్రతి ఫోనును పేరు చూపగలదిగ నుండవలెనని ట్రాయివారు కోరిన నియమము ఇంటి ఉపకరణములకును తప్పక వర్తింపవలెను. స్త్రీల విషయము వేరుగ ఆలోచింపవలసియున్నది. ఒంటరిగ నుండు స్త్రీ ఆటోవానిని పిలిచిన ప్రతిసారియు ఆమె పూర్తి పేరు వానికి తెలియుట క్షేమమా? తమ సంఖ్యను మరుగుపరచు సదుపాయమును పొందినవారి పేరును గూడ చూపరాదని సిఫారసులో నున్నది. కాని ఆ సదుపాయము నేడు సామాన్యులకు సులభముగ దొరకునది కాదు. దీనిని సడలింపక పేరును మాత్రము వెల్లడించుట న్యాయము కాదు. 112 కు బోవు పిలుపునకు మాత్రము ఏ మరుగును పనికిరాదు.

విద్యుచ్ఛక్తి మాట మిగిలినది. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పొంగినది. వరద వచ్చినపుడు ముందుగ నాపివేయునది కరెంటునే. గాజునూలు వెలుతురును మోయును గాని విద్యుత్తును మోయదు గనుక, కరెంటు పోయిన క్షణమున ఇంటి పెట్టెయు ఆరిపోవును, టెలిఫోను మూగవోవును. అనగా ఆపద వచ్చిన వేళనే అది చేతులెత్తును. ఇంగ్లండున ఆఫ్‌కామ్ వారు 2018 లోనే, ఇంటి టెలిఫోనుపై నాధారపడినవారికి కరెంటు లేకున్నను కనీస మొక గంట పిలుపు సాగునట్లు కంపెనీలు చూడవలెననిరి. అమెరికాలో ఎనిమిది గంటల బ్యాటరీని, 2019 నుండి ఇరువదినాలుగు గంటలదానిని, కోరినవారికి అమ్మజూపవలెనని నియమించిరి. మన వానకాలమునకు ఒక గంట యేమి చాలును? ఈ పెట్టెకు వలయు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. ఇన్వర్టరు గలవారు తమ వైరును మార్చుకొన్న చాలును. లేనివారికి చిన్న బ్యాటరీని కనెక్షనుతోపాటు కంపెనీయే యొసగి, దాని వెలను వాయిదాలమీద రాబట్టుకొనవచ్చును.

కంపెనీలవారు ఖర్చు మాట యెత్తుదురు. విలాసమును వ్రాసికొనుటకు ఖర్చేమి? తీగ లాగిన కుర్రవాడు ఆ యింటి ముంగిటనే నిలిచియున్నాడు. పల్లెలలో ఇంటి నంబరులు సరిగ లేవనినచో దానికిని నేడు సాధనము గలదు. తపాలా శాఖవారు హైదరాబాదు ఐ.ఐ.టి. తోడను, అచ్చటి జాతీయ దూరసంవేదన కేంద్రముతోడను గలసి నిర్మించి 2025 మే 27 న ప్రకటించిన డిజిపిన్ అను పది అక్షరముల సంకేతము, దేశమంతటిని ఇంచుమించు నాలుగు మీటర్ల గడులుగ విభజించినది. అడవి నడుమనున్న గుడిసెకును ఒక సంకేతము గలదు. కనెక్షను పెట్టిన దినముననే ఆ పది అక్షరములను ఖాతాలో వ్రాసి, 112 కు పిలుపు వెళ్లినపుడు వెంట పంపినచో, రాష్ట్రమేదను ప్రశ్నకు గూడ తావుండదు. యాప్‌నుండి పిలిచినపుడు గోడపెట్టె విలాసముగాక ఆ ఫోనున్న చోటు వెళ్లవలెను. 1885 నాటి తంతి చట్టమునకు బదులు 2023 లో క్రొత్త టెలికమ్యూనికేషన్సు చట్టమును చేసికొన్నాము. దానిక్రింద నియమములు చేయు అధికారము కేంద్ర ప్రభుత్వమువారి చేతనే యున్నది. 2017 నాటి "ప్రోత్సహింపవచ్చును" అను మాటను కొట్టివేసి "చేయవలెను" అని వ్రాయుటకు క్రొత్త చట్టసభ యక్కరలేదు. ఖమ్మము, భద్రాద్రి కొత్తగూడెము, ఏలూరు జిల్లాల కలెక్టర్లును పోలీసు అధికారులును కలసి, సరిహద్దున పది గ్రామములలో ఫైబరు టెలిఫోనులనుండి 112 కు పరీక్షార్థము పిలిపించి, ఆ పిలుపులు ఏ కేంద్రమునకు జేరినవో, ఏ విలాసము కనబడినదో ప్రజలకు వెల్లడించినచో మేము సంతసింతుము. మన పార్లమెంటు సభ్యులు ఈ ప్రశ్నను ఢిల్లీలో నడుగుటకు ఏ పక్షభేదమును అడ్డురాదు.

అంతవరకు ఇంటివారు చేసికొనదగిన పని కొంత గలదు. నిజమైన ఆపదలేక 112 ను పిలిచి పరీక్షించుట తగదు గాన, కంపెనీవారినే వ్రాతమూలకముగ నడుగుడు: మా టెలిఫోనునుండి ఆ సంఖ్య పోవునా, మా విలాసముగ మీయొద్ద నున్నదేమి, కరెంటు లేనపుడు గతియేమి? ఖాతా తాతగారి పేర నున్నచో మార్పించుకొనుడు. గ్రామము, మండలము, జిల్లా, రాష్ట్రము, దగ్గరి గుడియో బడియో చెరువుకట్టయో, ఇంటి డిజిపిన్, ఇవన్నియు పెద్ద తెలుగు అక్షరములతో ఒక కాగితముపై వ్రాసి టెలిఫోను ప్రక్క గోడకు అంటింపుడు. ఆ రాత్రి పిలుచువాడు ఇంటి యజమాని కాకపోవచ్చును. పాలేరు కావచ్చును, పదేండ్ల మనుమరాలు కావచ్చును.